భయం ఎవలది?

మా వాడకు దెయ్యాలంటే భయం లేకుండె. భయపడితే మాకు బతుకు ఎల్లకపోవు.

అత్వెల్లిల మా మాదిగోళ్ల ఇండ్లు ఊరికి ఒక దిక్కు, బొందలగడ్డకు దగ్గర. ఊర్లె ఎవరు సచ్చినా వాళ్ల సుట్టాలకంటె ముందు మా నాయినకు కబురొచ్చేది. డప్పు కాపాలె. బొంద తవ్వాలె. కాలవెట్టే కులపోళ్లయితే కట్టెలు మోయాలె, పీనుగ కాలేదాక రాత్రంత కావలుండాలె. తెల్లారి ఇంటికొచ్చి, బయటనే నీళ్లు పోసుకొని, ఇంత సద్ది తిని నాయిన మళ్ల పనికి పోయేటోడు. పిల్లలం మేము శవం మీద సల్లిన చిల్లర పైసలు ఏరుకొని పుట్నాలు కొనుక్కునేటోళ్లం. దెయ్యం మాట మాకు ఎవరూ చెప్పలే. చెప్పే తీరిక గూడ ఎవరికీ లేకుండె.

భయం ఊరికి ఉండె. పటేండ్ల పిల్లలు పొద్దుగూకినంక మా దిక్కు వచ్చేటోళ్లు గాదు. "ఆడ దెయ్యాలు తిరుగుతయి" అని వాళ్ల తల్లులు చెప్పేటోళ్లు. బడిల నా పక్కన కూసున్న పిల్ల ఒకరోజు నన్ను అడిగింది: "మీ ఇంటికి దెయ్యాలొస్తయటగద, మీతోటి మాట్లాడ్తయా?" నేను అప్పుడు నవ్విన. పెద్దగయినంక సమజయ్యింది. ఊరికి, వాడకు నడుమ గీసిన గీతకు కాపలాగా దెయ్యాన్ని పెట్టిన్రు. పోలీసు అక్కరలేదు, ముండ్లకంచె అక్కరలేదు. ఒక్క దెయ్యం సాలు.

ఇది చెప్తె నవ్వుతరు గని, నాకు దెయ్యాల సినిమాలంటె పానం. నలభై ఏండ్ల సంది చూస్తున్న. ముందు బాట మీద కూసోని చూసిన, తర్వాత టాకీసుల నేల టికెట్ల చూసిన, ఇప్పుడు సెల్లుల చూస్తున్న. సినిమా మారింది, చూసే జాగ మారింది. కాని దెయ్యమని ఎవర్ని అనాల్నో ఆ లెక్క మాత్రం ఎక్కువ మారలేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మొదట చూసింది 'జగన్మోహిని'. విఠలాచార్య 1978ల తీసిన సినిమా. మేము చూసింది మాత్రం 1985ల, గణపతి పండుగకు. మేడ్చల్ నుంచి కలర్ టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చి పటేలు అరుగు మీద పెట్టిన్రు. ముందు జంపఖానా మీద పటేండ్లు, తర్వాత కాపోళ్లు, గౌండ్లోళ్లు, చాకలోళ్లు. మేము బాటకు అవతలి పక్క. టీవీ మాకు అడ్డంగ కనబడేది, మనుషులు సన్నగ పొడుగ్గ కనబడేటోళ్లు. అండ్ల ఒక దెయ్యం పొయ్యిల కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తది. అరుగు మీదోళ్లు "అమ్మో" అన్నరు. మా అమ్మమ్మ అప్పుడు మా ఇంటికొచ్చి ఉండె. ఆమె నోరంత తెరిచి నవ్వి, "గా ఉపాయం నాకు తెలిస్తె కట్టెల మోపులకు పోయే బాధ తప్పు గదనే" అన్నది. బాట మీద మా వాడంత గొల్లుమన్నది. అరుగు మీదికెల్లి ఒక పెద్దమనిషి "ఎవల్రా ఆ నవ్వేది" అని కసిరిండు. భయపడే సినిమాకు మేము నవ్వుడు వాళ్లకు నచ్చలే. మేము ఎప్పుడు భయపడాల్నో, ఎప్పుడు నవ్వాల్నో గూడ అరుగు మీదోళ్లే చెప్పాలె గద!

అమ్మమ్మ నోరు తెరిచి నవ్వంగ నేను చూసింది అదే ఆఖరు.

ఆమె ఊరు మెదక్ దిక్కు. పేరు రాస్తలేను, ఆ ఊర్ల మావోళ్లు ఇంక ఉన్నరు. అమ్మమ్మ మంత్రసాని. ఆ పేరును ఒక్కసారి సూడున్రి. కాన్పు చేసే ఆడిదాని పేర్లనే మంత్రం పెట్టిన్రు. ఆమెకు మంత్రం రాదు, అక్షరం గూడ రాదు. అడ్డం తిరిగిన పిల్లను కడుపు మీద చెయ్యి పెట్టి తిప్పుడు వచ్చు, బొడ్డు కోసుడు వచ్చు, మాయ పడకపోతె ఏం చెయ్యాల్నో తెలుసు. ఆ ఊర్ల పెద్ద కులాల పిల్లలు సగం మంది ఆమె చేతులల్ల పడ్డోళ్లే. కాన్పు అయ్యేదాక ఆమె ఇంట్ల ఉండొచ్చు. బొడ్డు కోసినంక బయటికి పోవాలె, ఆమె ముట్టుకున్నదంత కడుక్కుంటరు.

అప్పుడు యండమూరి వీరేంద్రనాథ్ నవలల కాలం. 'తులసిదళం' సీరియల్‌ను ఊర్లల్ల చదువొచ్చినోడు చదివితె పదిమంది చుట్టూ కూసోని విన్నరు. క్షుద్రోపాసన, చేతబడి అనే మాటలు అచ్చయిన కాగితం మీద చూసేసరికి జనానికి నమ్మకం గట్టిపడ్డది. దాని తర్వాతి 'తులసి' నవలను 1986ల 'కాష్మోరా' పేరుతోటి సినిమా తీసిన్రు. నేను రచయిత మీద నేరం మోపుతలేను. సినిమా రాకముందు గూడ బాణామతి పేరుతోటి మా జిల్లాలల్ల పండ్లు రాలగొట్టుడు ఉండె, చెట్లకు కట్టేసి కొట్టుడు ఉండె. కాని అప్పటిదాక ఊరి పుకారుగా ఉన్నదానికి ఆ సినిమా ఒక మొఖం ఇచ్చింది, ఒక పేరు ఇచ్చింది. ఊరోళ్లకు ఇంక ఆ మొఖానికి మనిషిని ఎతుకుడే మిగిలింది.

ఆ సంవత్సరమే ఆ ఊర్ల ఒక పిల్లగాడు జరంతోటి పోయిండు. ఏడెనిమిదేండ్లోడు. వాని బొడ్డు కోసింది మా అమ్మమ్మనే. వారం రోజుల్నుంచి జరం, ఫిట్సు. పట్నం దవాఖానకు తీసుకపోదామంటె పెద్దలు వినలే, మంత్రగాణ్ని పిలిపిచ్చిన్రు. మంత్రగాడు తూర్పు దిక్కు చెయ్యి చూపెట్టిండట. తూర్పున మాదిగగూడెం ఉండె. మంత్రగాడు ఎప్పుడైనా పటేండ్ల ఇండ్ల దిక్కు చెయ్యి చూపెట్టిండా? నాకు ఇప్పటిదాక ఎవరూ అట్ల జరిగిందని చెప్పలేదు.

రాత్రి వచ్చిన్రు. సెకండ్ షో సినిమా చూసొచ్చిన పోరగాండ్లు గూడ అండ్ల ఉన్నరని మా మామ చెప్పిండు. అమ్మమ్మను ఊరి నడుమ యాపచెట్టుకు కట్టేసిన్రు. మంత్రం పలకకుంట ఉండాల్నంటె ముందటి పండ్లు ఉండొద్దట. పండ్లు లేకుంటె అక్షరాలు సరిగ్గ పలకవు, మంత్రం పారది అని వాళ్ల శాస్త్రం. పటుకారుతోటి ముందటి నాలుగు పండ్లు పీకిన్రు. పట్టుకున్నోళ్లల్ల ఇద్దరు ఆమె చేతుల మీద పుట్టినోళ్లే.

మామ ఠాణకు పోతె, "ఊర్లె ఉండాల్నా వద్దా" అని అడిగి పంపిచ్చిన్రు. కేసు లేదు. అమ్మమ్మ రెండు చీరెలు మూటగట్టుకొని అత్వెల్లికి మా ఇంటికొచ్చింది. ఇంక తొమ్మిదేండ్లు బతికింది. కొంగు నోటికడ్డం పెట్టుకోకుంట మాట్లాడలే. మా వాడల కాన్పులయితె గూడ పోలే. "నాకు రాదు బిడ్డా" అనేది.

ఆమె మాకు చెప్పిన ఒక్క దెయ్యం కథ గూడ నాకు యాదికి లేదు. ఆమెకు దెయ్యాలు తెలువయి. ఆమెకు తెలిసింది పటుకారు పట్టుకున్న మనుషులు.

1992ల రాంగోపాల్‌వర్మ 'రాత్రి' వచ్చింది. నేను అప్పుడు ఇంటర్మీడియెట్. మేడ్చల్ల టాకీసుకు దోస్తులతోటి పోయిన. అప్పటిదాక మేము చూసిన దెయ్యాలు తెల్లచీరెలు, కోరలు, పొగ. రామ్సే సోదరుల 'పురానా మందిర్', 'వీరానా' బొమ్మలు గోడల మీద చూసినం. అండ్ల పాడుపడ్డ హవేలీ, గబ్బిలాలు, గండ్రగొడ్డలి. 'రాత్రి'ల అవేవీ లేవు. మామూలు పట్నం ఇల్లు, మామూలు కాలేజి పిల్ల. ఎవరూ లేని ఇంట్ల కెమెరా ఒక్కతే నడుస్తది. సప్పుడుతోటే భయపెట్టిండు. టాకీసంత బిగుసుకపోయి కూసున్నది. నేను గూడ భయపడ్డ, కాదనను. బయటికొచ్చినంక నా దోస్తు అడిగింది: "మన ఇంట్ల ఒక్కటే అర్ర గదనే, దెయ్యమొస్తె ఏడ దాక్కుంటది?" నిజమే. దాక్కోనీకి మెట్లు, నేలమాళిగ, పై అంతస్తు కావాలె. దెయ్యం ఉన్నోళ్ల ఇంట్లనే ఉండగలుగుతది.

ప్రపంచమంతట గూడ దెయ్యం సినిమా మొదలు ఇట్లనే పెద్దిండ్లల్ల పుట్టింది. 1922ల జర్మనీల 'నోస్ఫెరాటు', 1931ల అమెరికాల 'డ్రాకులా'. డ్రాకులా ఎవరు? కోటల ఉండే దొర. ఊరోళ్ల రక్తం తాగి బతుకుతడు. తెల్లోళ్లకు అది కల్పన, గడీల కింద వెట్టి చేసిన మావోళ్లకు అండ్ల కల్పన ఎంతని? తర్వాత 1960ల హిచ్‌కాక్ 'సైకో'తోటి భయం కోటను ఇడిసిపెట్టి రోడ్డు పక్క లాడ్జికొచ్చింది. 1973ల 'ది ఎగ్జార్సిస్ట్'తోటి పడకగదిలో పండుకున్న పిల్ల ఒంట్లకు వచ్చింది. 1998ల జపానోళ్ల 'రింగు'తోటి వీడియో క్యాసెట్టులకు, టీవీలకు వచ్చింది. గడీకెల్లి ఇంటికి, ఇంట్లకెల్లి ఒంట్లకు, ఒంట్లకెల్లి యంత్రంలకు. ఇదీ దెయ్యం చేసిన ప్రయాణం.

1996ల వర్మనే 'దెయ్యం' తీసిండు. పట్నం బయట ఫామ్‌హౌస్ కొనుక్కున్న ఒక కుటుంబం కథ. ఆ సినిమా చూసినప్పుడు మాకు పట్నం బయట అంటె మా దిక్కే. మేడ్చల్, శామీర్‌పేట అంటె అప్పుడు ద్రాక్షతోటలు. అనాబ్-ఎ-షాహి పండ్లు. మా అవ్వ, మేము అందరం ఆ పందిళ్ల కింద మెడలు నొప్పిబెట్టేదాక గుత్తులు కోసినోళ్లమే. తర్వాత తోటలు పోయినయి, ఫామ్‌హౌస్‌లొచ్చినయి, వెంచర్లొచ్చినయి, గోదాములొచ్చినయి. నాగపూర్ రోడ్డు పెద్దగయ్యింది, రింగురోడ్డు వచ్చింది. గజానికింత అని భూమి లెక్క మారింది. అట్ల మారినప్పుడు ముందుగాల పోయేది ఎవరిది? కాగితం లేనోళ్లది. మా తాతలను పెట్టిన బొందలగడ్డకు కాగితం ఏడిది? ఒక వెంచరోళ్లు ఒక ఎండకాలం జేసీబీ తెచ్చి సగం సాపు చేసి రాళ్లు పాతిన్రు. మేము పోయి అడిగితె, "ఇక్కడ బొందలున్నయని రుజువేంది" అన్నరు. అమ్మమ్మ బొంద అండ్లనే పోయింది. యాపమొక్క పెట్టి ఉంటిమి గుర్తుకు. అది గూడ లేదు.

తర్వాత చాన ఏండ్లకు సెల్లుల 'పోల్టర్‌గైస్ట్' అనే అమెరికా సినిమా చూసిన. 1982ది. శ్మశానం మీద కాలనీ కడ్తరు. సమాధుల మీది రాళ్లు మాత్రం జరిపి, శవాలను అట్లనే ఉంచి పైన ఇండ్లు లేపుతరు. ఆ శవాలు లేచొస్తయి. ఒక్కదాన్నే కూసోని చూసుకుంట, "మావోళ్లు ఎందుకు లేస్తలేరు" అనుకున్న.

ఆ మాట ఉత్తగనే అనలే. దెయ్యాల సినిమాలు నాకు ఎందుకిష్టమో ఆ రాత్రి తెలిసింది. సినిమాల అన్యాయంగ సచ్చినోళ్లకు రెండో మాట ఉంటది. సాక్షి అక్కరలేదు, వకీలు అక్కరలేదు, వాయిదాలు లేవు. సచ్చినోడే లేచొచ్చి చంపినోన్ని పేరు పెట్టి పిలుస్తడు. మనకు అది ఏడిది? 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపిన్రు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది దళితులను చంపి, గోనెసంచులల్ల కుక్కి తుంగభద్ర కాలువల పడేసిన్రు. 2014ల చుండూరు కేసుల హైకోర్టు శిక్షలన్ని కొట్టేసింది. దెయ్యాలే ఉంటె ఆ కాలువల నీళ్లు నిదురపోనిస్తయా? చంపినోళ్లు ముసలోళ్లయ్యేదాక బతుకుతరా? దెయ్యాలు లేవని చెప్పనీకి నాకు సైన్సు పుస్తకం అక్కరలేదు. చుండూరు సాలు.

తెలుగుల మాత్రం లేచొచ్చే హక్కు గూడ రాజులకు, రాణులకే ఇచ్చిన్రు. 2009ల 'అరుంధతి' వచ్చింది. కోడి రామకృష్ణ తీసిండు. అంతకుముందు 1995ల 'అమ్మోరు' తీసినోడే. 'అరుంధతి' చూడనీకి ఇంటిల్లిపాది పోయినం. అనుష్క బాగ చేసింది, గ్రాఫిక్సు బాగున్నయి, నేను చప్పట్లు గొట్టిన. ఇంటికొచ్చినంక మా నాయిన ఒక్క మాట అడిగిండు: "అరుంధతి మన పిల్ల గదనే, దొరసాని ఎట్లయ్యింది?" మావోళ్లు తమను అరుంధతీయులమని చెప్పుకుంటరు. అరుంధతి మాదిగ ఇంటి ఆడబిడ్డ అని మా పెద్దల కథ. బాపనోళ్ల పెండ్లిల గూడ చుక్కను చూపెట్టి ఆమెకే మొక్కిపిస్తరు. ఆ పేరు తీసుకపోయి గద్వాల సంస్థానం గడీల జేజమ్మను చేసిన్రు. ప్రజలను కాపాడే బాధ్యత గడీకి, చంపేటోడు శ్మశానంల తిరిగే అఘోరా. శ్మశానం దిక్కు ఉండేటోడు దుర్మార్గుడు, గడీల ఉండేది దేవత. నా చిన్నప్పుడు పటేండ్ల తల్లులు చెప్పిన మాటనే ఇది. సినిమా షూటింగు జరిగిన బనగానపల్లె బంగ్లాను ఇప్పుడు జనం 'అరుంధతి బంగ్లా' అంటున్నరు. ఆఖరికి మా పేరు మీద ఒక బంగ్లా ఉన్నది, అండ్ల మేము లేము.

తర్వాత దెయ్యం నవ్వులాటయ్యింది. 'కాంచన', 'ప్రేమకథా చిత్రమ్', 'గీతాంజలి', 'రాజుగారి గది'. 2017ల 'ఆనందో బ్రహ్మ'ల దెయ్యాలే మనుషులకు భయపడతయి. వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నవ్వేటోడు పటుకారు పట్టడు.

అసలు మార్పు సెల్లు తెచ్చింది. కరోనా కాలంల టాకీసులు బందయినంక అందరం సెల్లుల సినిమాకు అలవాటయినం. 2021 డిసెంబరుల 'మా ఊరి పొలిమేర' టాకీసుకు రాకుంటనే సీదా సెల్లులకొచ్చింది. చేతబడి చుట్టు తిరిగే కథ. మస్తుగ చూసిన్రు, 2023ల రెండో భాగం టాకీసుల ఆడింది.

సెల్లు నాకు ఏమిచ్చిందో ముందు చెప్తా. అరుగు లేదు, బాట లేదు. జంపఖానా ఎవరిది అని లేదు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నేను గూడ సక్కగ ముందు కూసున్న. టీవీ అడ్డంగ కనబడ్త లేదు. రామ్సేల సినిమాలు, కొరియా సినిమాలు, మలయాళం సినిమాలు, నా చిన్నప్పుడు గోడ మీద బొమ్మ చూసి ఊకున్నవన్ని అడిగినప్పుడు వస్తయి. నవ్వితె కసిరెటోడు లేడు. ఇది చిన్న సంగతి గాదు. ఎవరి ముందట ఎక్కడ కూసోవాల్నో తెలిసిన కులపోళ్లకే దీని విలువ తెలుస్తది.

ఏం తీసుకపోయిందో గూడ చెప్పాలె. బాట మీద మేము వంద మందిమి ఉంటిమి. ఒకరు భయపడితె ఇంకొకరు నవ్విచ్చేటోళ్లు. అమ్మమ్మ అన్న ఒక్క మాటకు దెయ్యం ఉత్తదైపోయింది. ఇప్పుడు పిల్లలు దుప్పటి కప్పుకొని ఒక్కొక్కరే చూస్తున్నరు. ఇది అబద్ధం అని పక్కకెల్లి అనెటోళ్లు లేరు. చూసింది చూసినట్లు లోపలికి దిగుతది.

నేను బడిల పంతులమ్మను. పోయినేడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నాలుగు రోజులు రాలే. మా వాడ అసుంటి వాడ పిల్లనే. ఇంటికి పోయి అడిగితె ఏడ్చింది. తరగతిల పిల్లలు పొలిమేర సినిమా చూసి, "మీ ముసల్ది గూడ చేతబడి చేస్తదట, మా అమ్మ చెప్పింది" అన్నరట. ఆమె నాయనమ్మ పసిపిల్లలకు దిష్టి తీస్తది, ఆకుపసరు పోస్తది. అంతే. ఆ పిల్ల టిఫిన్ డబ్బా పక్కన ఎవరూ కూసుంటలేరు. నాకు కాళ్లకింద భూమి కదిలినట్టయ్యింది. ముప్పై ఏండ్లకు పైన అయ్యింది. 'కాష్మోరా' పోయి 'పొలిమేర' వచ్చింది. వీసీపీ పోయి సెల్లు వచ్చింది. చెయ్యి మాత్రం తూర్పు దిక్కే చూపెడుతున్నది.

ఇది పిల్లల ముచ్చట అని ఇడిసిపెట్టనీకి లేదు. 2019 సెప్టెంబరుల, మా మేడ్చల్ పక్కనున్న శామీర్‌పేట మండలంలనే, అద్రాస్‌పల్లిల ఏం జరిగింది? జబ్బుతోటి ఒక ఆడమనిషి సచ్చిపోయింది. ఆమెకు చేతబడి చేసిండని ఒక యువకుని మీద అనుమానపడి, చంపి, కాలుతున్న ఆమె చితి మీదనే పడేసిన్రు. ఐటీ కంపెనీల హైదరాబాదుకు అది ఎంత దూరం? బస్సెక్కితె గంట, గంటన్నర.

2023ల 'విరూపాక్ష' వచ్చినప్పుడు సెల్లుల పెట్టుకొని కూసున్న. మొదట్లనే రుద్రవనం అనే ఊరు. 1979 అని వేస్తరు. పిల్లలు సస్తున్నరని, క్షుద్రపూజలు చేస్తున్నరని భార్యాభర్తలను ఊరోళ్లు చెట్టుకు కట్టేసి కాలవెడతరు. నేను ఆడనే ఆపేసిన. ఆ రాత్రి చూడలే. టాకీసులయితె లేచి బయటికి రావాలె, పది మంది మోకాళ్లు దాటాలె. సెల్లుల ఒక్క ఏలితోటి ఆగిపోయింది. మూడు రోజులకు మిగిలింది చూసిన. సినిమా బాగ తీసిన్రు, భయపెట్టిన్రు. కాని ఆ సినిమాల క్షుద్రశక్తి నిజంగ పనిచేస్తది. అదీ నా బాధ. ఊరోళ్లు కాలవెట్టుడు తప్పు అన్నట్టు చూపెడుతనే, వాళ్ల అనుమానానికి ఒక బలం ఇస్తది. 2022ల 'మసూద'ల దెయ్యానికి బురఖా ఏసిన్రు. దూరం పెట్టినోళ్లను ఒకరి తర్వాత ఒకరిని తెచ్చి దెయ్యం జాగల నిలబెడుతున్నరు. దెయ్యం మారుతలేదు, ఎవర్ని చూసి భయపడాల్నో ఆ జాబితా పెరుగుతున్నది.

మరి దీనికి మందు లేదా? ఉన్నది. అది గూడ నాకు సెల్లులనే దొరికింది.

1968ల అమెరికాల జార్జి రొమేరో అనే పిల్లగాడు కొద్ది పైసలతోటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసిండు. సినిమా పేరు మార్చినప్పుడు కాపీరైటు గుర్తు వేసుడు మరిచిన్రు. అందుకని అది ఎవరి సొత్తూ గాదు, ఎవరన్నా నెట్టుల ఉత్తగ చూడొచ్చు. సచ్చిన శవాలు లేచి మనుషులను తింటుంటయి. ఒక ఇంట్ల కొందరు దాక్కుంటరు. వాళ్లల్ల తెలివిగలోడు, ధైర్యమున్నోడు బెన్ అనే నల్లమనిషి. రాత్రంత పోరాడి అతనొక్కడే బతుకుతడు. తెల్లారి తుపాకులు పట్టుకొని తెల్లోళ్ల గుంపు వస్తది. కిటికీల నిలబడ్డ బెన్‌ను చూసి, లేచిన శవమనుకొని కాల్చేస్తరు. ఇనుప కొక్కాలతోటి ఈడ్చుకపోయి కట్టెల మీద ఏస్తరు. సినిమా అయిపోతది. అమెరికాల మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన సంవత్సరమే ఆ సినిమా బయటికొచ్చింది.

నేను ఆ రాత్రి నిద్రపోలే. దెయ్యాలకు భయపడి గాదు. 'దెయ్యమనుకున్నం' అనే మాట ఎంత సులువో చూసి. గుంపు చేతిల తుపాకి ఉన్నప్పుడు, పటుకారు ఉన్నప్పుడు, మనిషి దెయ్యమయ్యేందుకు ఎంత సేపు? అద్రాస్‌పల్లి చితి, బెన్‌ను ఏసిన కట్టెలు నా కండ్లల్ల ఒక్కటే మంటయినయి.

ఆ దారిలనే 2017ల జోర్డాన్ పీల్ అనే నల్లజాతి దర్శకుడు 'గెట్ అవుట్' తీసిండు. తీయగ మాట్లాడే తెల్లోళ్ల ఇల్లే అండ్ల గండం. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. 2024ల మలయాళంల 'భ్రమయుగం' వచ్చింది, నెల రోజులకు సెల్లుల తెలుగు మాటలతోటి దొరికింది. 17వ శతాబ్దం మలబారు. పాణన్ కులపు పాటగాడు తేవన్ బానిసత్వానికి భయపడి పారిపోతుంటె అడివిల ఒక పాత బంగ్లా కనబడ్తది. ఇంటి యజమాని కొడుమోన్ పోటి. అన్నం పెడతడు, పాట పాడిచ్చుకుంటడు, పాచికలాడుదామంటడు. పందెం పైసలు గాదు, తేవన్ కాలం. ఓడినోడు గడప దాటలేడు. మా నాయిన ఆ సినిమా చూస్తె ఒక్క నిమిషంల చెప్తుండె, "ఇది జీతం బిడ్డా" అని. అప్పు పేరు చెప్పి ఏండ్లకేండ్లు పటేలు ఇంట్ల కట్టేసుకునే జీతం. ఆ సినిమాల దెయ్యం వాడల లేదు, బొందలగడ్డల లేదు. అన్నం పెట్టిన పెద్దింట్లనే ఉన్నది. మొదటిసారి చెయ్యి ఆ దిక్కు చూపెట్టిన్రు.

అందుకని దెయ్యాల సినిమాలు చూడొద్దని నేను పిల్లలకు చెప్పను. చెప్పినా వినరు. జన విజ్ఞాన వేదికోళ్లు ఊర్లల్ల తిరిగి, మంత్రగాండ్ల గారడీలు విప్పి చూపెడుతున్నరు. అది కావాలె. దాంతో పాటు కథ గూడ మారాలె. చదువుకున్న మన పిల్లల చేతిల ఇయ్యాల కెమెరా ఉన్న సెల్లు ఉన్నది. బొందలగడ్డ మీద లేచిన వెంచరు మీద తీయున్రి. రాత్రంత పీనుగకు కావలుండి తెల్లారి సద్ది తిన్న డప్పు మనిషి మీద తీయున్రి. భయం ఎవరు పెట్టిన్రో, ఎవరికి పెట్టిన్రో తీయున్రి. మన భయాన్ని మనం చెప్పకపోతె, మనల్నే భయం చేసి చూపెడుతరు.

ఆ పిల్లను మళ్ల బడికి తీసుకొచ్చిన. ఆ రోజు పాఠం చెప్పలే. తరగతి ముందట మా అమ్మమ్మ సంగతి చెప్పిన. యాపచెట్టు చెప్పిన, పటుకారు చెప్పిన. ఇరవై ఏండ్ల నౌకరిల బడిల ఎన్నడూ చెప్పని మాట. నా కులం గూడ అట్లనే చెప్పిన. పిల్లలు చప్పుడు చేయకుంట విన్నరు. కొసకు వెనక బెంచి పిల్లగాడొకడు చెయ్యెత్తి అడిగిండు:

"మేడం, మీ అమ్మమ్మకు నిజంగ మంత్రాలు వచ్చా?"

"అడ్డం తిరిగిన పిల్లను కడుపుల తిప్పుడు వచ్చురా" అన్న. "నేను గట్లనే పుట్టిన."

మధ్యాన్నం గంట కొట్టినంక ఆ పిల్ల డబ్బా పక్కన ఇద్దరు కూసున్నరు. ఇద్దరే. మిగిలినోళ్ల కోసం ఇది రాస్తున్న.